ఇత్తడి పిడుల పెట్టె

కుమాసి,
17 జనవరి 2000

అక్కా,

నువ్వు టాకోరాడి బస్సెక్కినప్పటి నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. తిట్టే మనిషి లేక నాకు ఫుఫు ముద్ద కూడా సరిగ్గా అరగడం లేదు.

నిన్న మార్చురీకి వెళ్ళి అమ్మను చూసొచ్చాను. అక్కడ మోసెస్ అని ఒకడు ఉన్నాడు, నా వయసువాడే. "మీ అమ్మగారు చాలా మర్యాదస్తురాలండీ, పక్కవాళ్ళను ఏమాత్రం ఇబ్బంది పెట్టరు" అన్నాడు. అలాంటి చోట పనిచేస్తూ వెటకారం ఆడగలిగిన మనిషిని చూస్తే నాకు కాస్త అసూయ వేసింది. రోజుకి అద్దె ఎంతో గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. రంగుతో రాయించకుండా సుద్దతో ఎందుకు రాశారో నాకు తట్టలేదు.

నువ్వు వెళ్ళిన మర్నాడు అద్దాయ్ మామ అందరినీ కూర్చోబెట్టాడు. ఇంటి పెద్ద కదా, ఆయన దగ్గాడంటే అది తీర్పు. అంత్యక్రియలు ఈస్టర్ దాటాకే అన్నాడు. ఊళ్ళో మన ఇంటి గోడలు పెచ్చులూడిపోయాయి, పూత వేయించాలి, రంగు కొట్టించాలి. "మీ బావ తరఫు ఫాంటే తెగవాళ్ళు వచ్చి ఆ గోడలు చూసి నవ్వితే నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు. ఉన్నచోటే పెట్టుకో మామా, ఎవరూ తీసుకెళ్ళరు అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చలేదు.

అమ్మ తన చావు ఖర్చుకని కోకో డబ్బులోంచి కూడబెట్టుకున్నది యాభై లక్షల సెడీలు. అది నా చేతికిస్తూ ఏమందో నువ్వూ విన్నావు. "క్వాబెనా, దీంతో నీ వేషాలు వద్దు. ఇత్తడి పిడుల పెట్టె. అంతే నేనడిగేది." కాబట్టి వేషాలు మానుకొని బదు మాస్టారి వడ్రంగి షాపుకి వెళ్ళాను. పెట్టె చూశాను. ఆరు ఇత్తడి పిడులు, లోపల తెల్ల పట్టు, పన్నెండు లక్షలు. అప్పటికప్పుడే కొనేద్దామనుకున్నాను. మామ కొననివ్వలేదు. "తేదీ దగ్గరికి రాకుండా పెట్టె కొని పెడితే అది ఖాళీగా ఊరుకోదురా. ఇంకొకరిని అడుగుతుంది" అన్నాడు. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఎవరిని అడుగుతుందని ఆయన భయమో నాకు అర్థమైంది.

మరి ఈస్టర్ దాకా డబ్బు ఊరికే ఉంచితే ఏమవుతుంది? సెడీ సంగతి తెలిసిందే, ఎండలో పెట్టిన ఐసుగడ్డ. అందుకని బ్యాంకుకి వెళ్ళి మొత్తం తొంభై ఒక్క రోజుల ట్రెజరీ బిల్లులో పెట్టాను. ప్రభుత్వం మన దగ్గర అప్పు తీసుకుంటుందట. "ఏడాదికి నూటికి ముప్పై ఒకటి" అంది కౌంటర్లో మేడమ్. నా దగ్గర అప్పు అడిగేంత దరిద్రం ప్రభుత్వానికి ఏం వచ్చింది మేడమ్ అన్నాను. ఆమె నవ్వలేదు. నా వెనక క్యూ అంతా నవ్వింది.

అమ్మ బీరు కంపెనీ షేర్ల కాగితం నీ దగ్గరే ఉంది. ఎలకలకూ బావకూ దూరంగా ఉంచు.

నీ తమ్ముడు, ఇంకా బతికే ఉన్నవాడు,
క్వాబెనా

&nbsp;

టాకోరాడి,
6 ఫిబ్రవరి 2000

క్వాబెనా,

డ్రైవర్ తావియా నీ ఉత్తరం తెచ్చాడు. దాంతోపాటు నువ్వు పంపిన యాం దుంపలు కూడా అందాయి. మూడు కుళ్ళాయి.

పొద్దున నాలుగింటికి లేచి చేపలకు పొగ పెట్టేదాన్ని, నీలాగా పేజీలకు పేజీలు రాసే ఓపిక నాకు లేదు. ఒక్కటే అడుగుతున్నా. బిల్లు నిజంగా కొన్నావా? కొంటే దాని రసీదు ఏది? నీ మాట నమ్మి నేను ఒకసారి బస్సెక్కాను, గుర్తుందా. పెళ్ళి చేసుకుంటున్నానని కబురు పెడితే మూడు బుట్టల చేపలు నెత్తినెత్తుకొని వచ్చాను. వచ్చి చూస్తే తెల్ల ముసుగు వేసుకొని కూర్చున్న పెళ్ళికూతురు నీ కొత్త వెల్డింగు మిషను. ఆ చేపలు తిన్నవాళ్ళు ఇప్పటికీ నవ్వుతున్నారు. నేను ఇప్పటికీ నవ్వలేదు.

షేర్లు భద్రంగానే ఉన్నాయి. అమ్మేది లేదు. చుక్క ముట్టని మనిషి బీరు కంపెనీలో డబ్బెందుకు పెట్టావమ్మా అని నేనడిగితే ఏమందో తెలుసా. "మన ఊళ్ళో మగాళ్ళు వాన పడకపోయినా తాగుతారు, ఎక్కువ పడినా తాగుతారు. కోకో అలా కాదు" అంది. ఏటా వచ్చే లాభం ముక్కతో ఒక పాలడబ్బా కొనుక్కొని, నా బీరు వచ్చింది అనేది. ఆ కాగితం చూస్తే ఆ మాటే వినిపిస్తుంది నాకు.

ఈస్టర్ దాటిన మొదటి శనివారానికి సిద్ధంగా ఉంటాను. నల్ల గుడ్డ కుట్టుకి ఇచ్చేశాను.

అఫ్రాకోమా

&nbsp;

కుమాసి,
20 ఏప్రిల్ 2000

అక్కా,

రసీదు ఇందులో పెట్టాను. బ్యాంకు ముద్ర చూసుకో. బావకి కూడా చూపించు. రైల్వేలో ముప్పై ఏళ్ళు టిక్కెట్లకు చిల్లులు పొడిచినవాడు కదా, దొంగ కాగితమైతే వాసన పట్టేస్తాడు.

బిల్లు పండింది. యాభై లక్షలు వెళ్ళి యాభై మూడు లక్షల చిల్లర అయి తిరిగొచ్చాయి. ఇంట్లో కూర్చోకుండా సంపాదించి వచ్చిన డబ్బును నా జీవితంలో మొదటిసారి చూశాను. చంకలో పెట్టుకొని తిన్నగా బదు మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ పెట్టె పదిహేను" అన్నాడు.

"పన్నెండు అన్నావు కదయ్యా."

"జనవరిలో అన్నాను. పిడులు ఇక్కడివి కావు బాబూ, ఓడెక్కి వస్తాయి. డాలరు పెరిగితే అవీ పెరుగుతాయి. చెక్క మాత్రం మన అడవిదే. చెక్క పిడులు పెట్టించుకో, పాత ధరకే ఇస్తా."

సిమెంటు బస్తా, రంగు డబ్బా, శవం బండి, కుర్చీల అద్దె, సారా, అన్నీ ఇదే పాట. కూర్చొని లెక్క కట్టాను. మన డబ్బు మూడు లక్షలు పెరిగేసరికి మన ఖర్చు పది లక్షలు పెరిగింది. అమ్మ చెప్పిన పద్ధతిలో చేయాలంటే చాలదు. ఇంటి గోడలు ఒక వైపు పూత వేయించేసరికి మామ డబ్బు అయిపోయింది. ఇప్పుడు ఆ ఇల్లు సగం గడ్డం గీయించుకున్న మనిషిలా ఉంది.

మామా నేనూ ఆలోచించి ఒక మాట అనుకున్నాం. బిల్లు మళ్ళీ వేశాను. ఇంకొక్క తొంభై ఒక్క రోజులు. ఈసారి వడ్డీ ఎక్కువ. జులైలో తప్పకుండా.

పిడుల సంగతి నాకో ఉపాయం తోచింది. నేను వెల్డరుని కదా. ఇనప చువ్వ వంచి ఆరు పిడులు నేనే చేసి, బంగారు రంగు కొట్టేస్తే? ఆలోచించి చెప్పు.

క్వాబెనా

&nbsp;

టాకోరాడి,
14 మే 2000

క్వాబెనా,

అమ్మను లారీ డోరు పిడులు పెట్టి మోయిస్తావా. ఆ మాట మళ్ళీ ఎత్తకు.

ఇక్కడ నా పరిస్థితి చెప్తాను విను. ఈస్టర్ వెళ్ళింది. బజారులో ప్రతి ఆడదీ అదే ప్రశ్న. "అఫ్రాకోమా, మీ అమ్మను ఇంకా పాతలేదా?" తేదీ కుదరలేదు అంటాను. "ఏం, ఆవిడకి తీరిక లేదా?" అంటారు. నవ్వేసి చేపలు తూస్తాను. త్రాసు కనపడదు నాకు.

రసీదు చూశాను. ముద్ర నిజమే. పేరు మాత్రం నీది. అమ్మ డబ్బు మీద అమ్మ పేరు ఎందుకు లేదు? పోయినవారం తావియా వచ్చినప్పుడు ఇంకో సంగతి చెప్పాడు. నీ షాపు మీద కొత్త రేకులు మెరుస్తున్నాయట, రోడ్డు మీద నుంచే కనిపిస్తున్నాయట. నేనేమీ అనడం లేదు. అమ్మ మార్చురీలో ఉంటే నీ నెత్తి మీద కొత్త కప్పు ఎలా వచ్చిందో అది మాత్రం రాయి.

బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నేను చెప్పనన్నాను. అయినా రాస్తున్నాను.

అ.

&nbsp;

కుమాసి,
20 జులై 2000

అక్కా,

చనిపోయినవాళ్ళ పేరు మీద బిల్లు ఇవ్వరు. ఆ మేడమ్‌నే అడిగాను. "ఆవిడ వచ్చి సంతకం చేయాలి" అంది. ఆవిడ ఇప్పుడు బయటికి రాలేని స్థితిలో ఉందండీ అన్నాను. "అయితే బాగయ్యాక రమ్మనండి" అంది. ఇంకేం చెప్పమంటావు.

రేకులు షాపు యజమానివి. ఆయన వేయించాడు, వేయించి అద్దె పెంచాడు. నీ తావియా పైన మెరిసేదే చూస్తాడు, కింద ఉన్నవాణ్ణి చూడడు. నేను దొంగనని నువ్వు రాయలేదు, కానీ రాయకుండా ఉండడానికి చాలా శ్రమపడ్డావని తెలుస్తోంది. నా మీద నాకే అనుమానం వచ్చి రాత్రి లేచి రసీదు చూసుకున్నాను.

రెండోసారి బిల్లు పండింది. యాభై ఎనిమిది. పెట్టె పందొమ్మిది. నేను జనవరిలో చూసి మనసు పడ్డ ఆ పెట్టె ఎప్పుడో వెళ్ళిపోయింది. బదు మాస్టారు వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "అలాంటిది చేసిన ప్రతిసారీ నీకోసం నాలుగు రోజులు ఆపాను బాబూ. మీ అమ్మ పెట్టెలో ఇప్పటికి ముగ్గురు వెళ్ళిపోయారు. ఒకాయనైతే మీ అమ్మ కంటే నాలుగు నెలలు వెనక చనిపోయాడు." మనం పరుగెత్తుతున్నామక్కా. పెట్టె మనకంటే వేగంగా పరుగెత్తుతోంది. కాళ్ళు లేనిది ఇంత పరుగు ఎలా తీస్తుందో.

మూడోసారి వేశాను. ఏం చేయను. ఈసారి వడ్డీ నలభై దగ్గరికి వచ్చింది. మేడమ్ ఆ అంకె చెప్పగానే క్యూలో ఒక్కడూ సంతోషించలేదు. ఒక ముసలాయన, "నలభై ఇస్తామంటున్నారంటే యాభై పోతుందని వాళ్ళకు తెలుసన్నమాట" అని గొణిగాడు. ఆయన అన్నది నిజమే అనిపించింది. అయినా క్యూలోంచి ఆయనా కదల్లేదు, నేనూ కదల్లేదు.

నువ్వు ఆ షేర్లు అమ్ము. ఎంత వస్తే అంత. కనీసం పందిరి అద్దెకు పనికొస్తుంది. అమ్మ మాట తర్వాత విందాం, ముందు అమ్మను చూద్దాం.

క్వాబెనా

&nbsp;

టాకోరాడి,
20 ఆగస్టు 2000

తమ్ముడూ,

నువ్వు రాసినవన్నీ ముందు పెట్టుకొని మళ్ళీ చదివాను. బావ చేత లెక్కలు వేయించాను. నీ లెక్కలో తప్పు లేదు. రేకుల సంగతి తావియాను నిలదీస్తే "నేను కప్పు చూశానమ్మా, ఇంటి పట్టా చూడలేదు" అన్నాడు. అనుమానపడ్డందుకు మనసులో పెట్టుకోకు.

షేర్లు అమ్మేశాను. కొనేవాడి కోసం రెండు వారాలు తిరిగాను. జనవరిలో ఏ ధరో ఇప్పుడూ అదే ధర. పెరగలేదు, తగ్గలేదు. ఏజెంటు అదేదో గొప్పలాగ, "చూశారా అమ్మా, నిలకడగా ఉంది" అన్నాడు. బజారులో కదలని చేపను మేమేమంటామో వాడికి చెప్పాను. కమిషను పోగా రెండు లక్షల ముప్పై వేలు చేతికొచ్చింది. కాగితం ఇచ్చేటప్పుడు చెయ్యి వదల్లేదు. ఏజెంటే వేళ్ళు విడదీసి తీసుకున్నాడు.

శుక్రవారం తావియా చేతికి ఆ డబ్బు ఇచ్చి పంపుదామని బయల్దేరాను. దారిలో బ్యాంకు. క్యూలో మా చేపలవాళ్ళందరూ ఉన్నారు. "ఏమే, నువ్వూ వచ్చావా" అన్నారు. ఉత్తచేతులతో దాటి వెళ్ళలేకపోయాను. బల్ల దగ్గర పిల్ల "తొంభై ఒక్క రోజులేనా అమ్మా?" అంది. నా నోటితో నేనే అవును అన్నాను. నవంబరులో పండుతుంది.

కాబట్టి నువ్వు తొందరపడకు. నీ బిల్లు అక్టోబరులో, నాది నవంబరులో. రెండూ కలిపి అమ్మకు ఇత్తడి పిడులతోనే చేద్దాం. ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం ఇంకో మూడు నెలలు ఆగలేమా. బజారువాళ్ళు అడిగితే ఇప్పుడు నేను సిగ్గుపడడం లేదు. నలభై అని చెప్తున్నాను. వాళ్ళే నోరు మూసుకుంటున్నారు.

నీ అక్క,
అఫ్రాకోమా

&nbsp;

కుమాసి,
21 ఆగస్టు 2000

అక్కా,

నాకు విసుగొచ్చింది.

మొన్న మార్చురీకి వెళ్ళాను. వడ్డీ నలభై అయిందని అమ్మకు చెప్దామని వెళ్ళాను. నిజంగా దానికే వెళ్ళాను. గోడ మీద అద్దె మళ్ళీ చెరిపి రాశారు, ఆ చోట గోడే తెల్లబడిపోయింది. మోసెస్ నన్ను చూసి, "మీ ఎనో అమ్మగారిని లోపలి గదికి మార్చామండీ. ఈ గది వచ్చిపోయేవాళ్ళకి. అది, ఎప్పుడు తీసుకెళ్తారో తెలియనివాళ్ళకి" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు. అదే నాకు బాధ కలిగించింది. వాడికి కూడా వెటకారం అయిపోయింది.

తెచ్చిన మాట చెప్పకుండానే బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ చనిపోయిన ఏడాదిలో నేను నిజంగా సంతోషించింది ఏది చూసి అని ఆలోచిస్తే, ఆ నలభై అంకె ఒక్కటే తగిలింది. కొడుకునేనా నేను, వడ్డీ వ్యాపారినా.

అక్కడి నుంచి లేచి బ్యాంకుకి వెళ్ళి బిల్లు విరిచేశాను. పండకముందే విరిస్తే కొంత కోస్తారు. కోసుకోండన్నాను. మేడమ్ మొదటిసారి నా ముఖంలోకి చూసి, "బాగయ్యారా మీ అమ్మగారు?" అంది. బాగయ్యారండీ, ఇంటికి తీసుకెళ్తున్నాం అన్నాను.

అంత్యక్రియలు సెప్టెంబరు తొమ్మిది, శనివారం. మామ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే సగం గడ్డం ఇంటి ముందు నిన్నే పడుకోబెడతాను మామా అన్నాను. నువ్వు షేర్లు అమ్మి ఉంటే ఆ డబ్బు తీసుకొని వారం ముందే వచ్చెయ్. పందిరివాడికి అడ్వాన్సు ఇవ్వాలి.

క్వాబెనా

&nbsp;

టాకోరాడి,
26 ఆగస్టు 2000

క్వాబెనా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. ఎనిమిది నెలలు నాకు ఓపిక నేర్పావు. నేను నేర్చుకొని డబ్బు లోపల పెట్టి తాళం వేశానో లేదో, శనివారం రమ్మంటున్నావు. పందిరివాడు, అడ్వాన్సు, మామ ఒప్పుకున్నాడు, మేడమ్ పలకరించింది. అన్నీ బాగా కుదిరాయి. వెల్డింగు మిషను పెళ్ళికి కూడా ఇలాగే కుదిరాయి. బ్యాండువాళ్ళ పేర్లతో సహా రాశావు.

నా ఇరవయ్యో తేదీ ఉత్తరం చూసి, అక్క దారికొచ్చింది, ఒకసారి బస్సెక్కించి చూద్దాం అనుకున్నావేమో. నేను ఎక్కను. అమ్మ పేరుతో ఆటలు వద్దు. నా దగ్గర నవంబరు దాకా పైసా లేదు.

అ.

&nbsp;

కుమాసి,
31 ఆగస్టు 2000

అక్కా,

సెప్టెంబరు తొమ్మిది శనివారం అమ్మను మన ఊళ్ళో పాతిపెడుతున్నాం. శుక్రవారం పొద్దున మార్చురీ నుంచి తెస్తాం. స్నానం నువ్వే చేయించాలి. డబ్బు అక్కర్లేదు. నువ్వు వస్తే చాలు.

క్వాబెనా

&nbsp;

కుమాసి,
25 సెప్టెంబరు 2000

అక్కా,

నువ్వు శుక్రవారం బస్సు దిగుతుంటే నేను లారీ అనుకొని పక్కకు తప్పుకున్నాను. ఏం చూసి నమ్మావు అని అడిగితే నువ్వన్న మాట మామ ఊరంతా చెప్తున్నాడు. "ఆ ఉత్తరంలో వెటకారం ఒక్క ముక్క లేదు. నువ్వు కూడా చచ్చిపోతున్నావేమోనని వచ్చాను." ఇకనుంచి నీకు రాసే ప్రతి ఉత్తరంలో ఏదో ఒకటి కూస్తాను, నా ఆరోగ్యం బాగుందని తెలియడానికి.

చేపలు పాడవుతాయని ఆదివారమే వెళ్ళిపోయావు. సోమవారం చదివింపుల లెక్క చూశాం. అమ్మ నలభై ఏళ్ళుగా జిల్లాలో ఏ చావుకీ వెళ్ళకుండా ఉండలేదు కదా, వెళ్ళిన ప్రతిచోటా చేతిలో పెట్టి వచ్చింది కదా, అదంతా తిరిగొస్తుందని మామ వేళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నాడు. తిరిగొచ్చింది. ఎంత ఇచ్చిందో అంతే వచ్చింది. ఎప్పుడో అమ్మ అయిదు వేలు పెడితే వాళ్ళ పిల్లలు అయిదు వేలే తెచ్చారు. అప్పుడు ఆ డబ్బుకి మేక వచ్చేది. ఇప్పుడు మేక తాడు వస్తుంది. మైకులో ఒక్కో పేరు చదువుతుంటే ఎంత గట్టిగా అరిచారో, డబ్బు తక్కువైనప్పుడు గొంతు పెంచుతారు కాబోలు. ఒక్క సారా అమ్మే ముసలమ్మ మాత్రం ఒక పెట్టె బీరు సీసాలు దింపించింది. "మా ఆయన పోయినప్పుడు ఎనో పెట్టె సీసాలిచ్చింది, ఇవిగో పెట్టె సీసాలు" అంది. బ్యాంకు గడప తొక్కని మనిషి. ఆ ఒక్క లెక్కలోనే అమ్మ నష్టపోలేదు.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు వారాలు చూశాను. దూరంగా ఉన్నావు కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

బిల్లు విరిచిన డబ్బుతో మార్చురీ అద్దె, పందిరి, బండి అన్నీ కట్టేసరికి పెట్టె వచ్చేది గానీ పిడులు వచ్చేవి కావు. పిడులే పది లక్షలు అన్నాడు బదు. చివరికి ఆయనే అన్నాడు. "పిడులు అమ్మను. అద్దెకిస్తా. మోసేదాకా మోయండి. గొయ్యి దగ్గర నేను విప్పుకుంటా. దింపేది తాళ్ళతోనే కదా." అలాగే చేశాం. గొయ్యి దగ్గర అందరూ పాట ఎత్తుకోగానే ఆయన స్క్రూలు విప్పి సంచిలో వేసుకున్నాడు. నువ్వు గుడ్డ అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నావు. మామ కళ్ళు మూసుకొని పాడుతున్నాడు. బావ తరఫువాళ్ళు బీరు ఎక్కడుందా అని చూస్తున్నారు. ఒక్కరు కూడా గమనించలేదు. నా జన్మలో చేసిన వేషాల్లో ఇంత చక్కగా పండింది లేదు. ఎవరికీ చెప్పుకోలేకపోవడమే కష్టంగా ఉంది.

అమ్మ అడిగింది ఇత్తడి పిడుల పెట్టె. ఇంటి నుంచి గొయ్యి దాకా ఇచ్చాను. అంతకు మించి నా వల్ల కాలేదు. తిట్టాలనుకుంటే తిట్టు. ఒక ఉత్తరం నిండా తిట్టు. చదువుకుంటాను.

క్వాబెనా

&nbsp;

టాకోరాడి,
26 నవంబరు 2000

క్వాబెనా,

రెండు నెలలు రాయలేదంటే కోపమనుకున్నావేమో. పని.

ఏడవడానికి ఎంత గుడ్డ కావాలిరా పిచ్చివాడా. కొంగు చాలదూ. పైన కప్పుకున్న గుడ్డ మొత్తం విప్పి రెండు చేతులతో పరిచి పట్టుకొని నిలబడ్డాను. బదు మాస్టారు సంచిలోంచి స్క్రూడ్రైవరు తీస్తుంటే నేను చూశాను. ఆ పక్కనే మా ఆడబిడ్డలు నిలబడి ఉన్నారు, వాళ్ళకు కనపడకూడదని అడ్డం వెళ్ళాను. ఆయన ఆరో పిడి విప్పేదాకా ఏడుపు ఆపకుండా ఉండడానికి నేనెంత కష్టపడ్డానో నీకేం తెలుసు. స్క్రూ బిగుసుకుపోయింది. నాకు ఊపిరి అందలేదు. నీ వేషం పండింది నీ వల్ల కాదు.

నా బిల్లు పదిహేడో తేదీన పండింది. ఈసారి ఆ పిల్ల అడగకముందే, వద్దమ్మా, మొత్తం ఇచ్చెయ్ అన్నాను. ఆ రోజే కుమాసి బస్సెక్కాను. నీ షాపు ముందు నుంచే నడిచి వెళ్ళాను. నువ్వు లారీ కింద ఉన్నావు, కాళ్ళు మాత్రమే బయటికి ఉన్నాయి. చెప్పుల్లో ఒకటి తెగి ఉంది, తీగతో కట్టుకున్నావు. పిలవలేదు. పిలిస్తే ఎందుకు వచ్చావని అడుగుతావు, నేను చెప్పలేను.

బదు మాస్టారిని ఒక పిడి అడిగాను. "విడిగా అమ్మితే సెట్టు పాడవుతుందమ్మా. అయిదు పిడులు ఎవరు అద్దెకు తీసుకుంటారు" అన్నాడు. చాలాసేపు బేరమాడాను. చేపలు అమ్మి బతికేదాన్ని, నాతో ఎంతసేపు నిలబడతాడు. అయినా రెండు లక్షల ముప్పై వేలకు పైసా తగ్గలేదు. అమ్మ షేర్లు అమ్మితే వచ్చింది అంతే కదా. వడ్డీ బస్సు ఛార్జీలకు సరిపోయింది.

బావ దాన్ని మా ముందు తలుపుకి బిగించనన్నాడు. "శవపెట్టె పిడి ఇంటికి పెట్టుకుంటారా ఎవరైనా" అని అరిచాడు. నేనే బిగించుకున్నాను. ఇప్పుడాయన దాన్ని ముట్టుకోడు, పెరటి గుమ్మంలోంచి తిరుగుతున్నాడు. రెండు రోజులు చూశాను. తిరగనీ అనుకున్నాను.

అమ్మను ఆరుగురు మగాళ్ళు మోశారు. ఆడదాన్నని నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఇప్పుడు రోజూ తెల్లవారకముందే చేపల బుట్ట నెత్తిన పెట్టుకొని, ఒక చేత్తో ఆ పిడి పట్టుకొని తలుపు లాగుతాను. మా తలుపు పాత కాలంది, బరువు. లాగుతాను.

చెప్పులు కొనుక్కో.

అక్క